చెంప ఆనిన చోటు

పంటు ఎక్కుతున్నానని చెప్పి ఐడెల్లా ఫోను పెట్టేసింది. వెర్లిన్ మాత్రం ఇంకా చెవికి ఆనించుకునే ఉన్నాడు, అవతల ఎవరూ లేని ఫోనుకి మరోసారి "సరేనమ్మా" అన్నాడు, అన్నాక తన గొంతు తనకే వినబడి దించాడు. ఆమె నది దాటాలి, దాటాక పైన్ తోపుల మధ్య రోడ్డు, ఆ తర్వాత చర్చి మలుపు, ఆ మలుపు దాటితే అతను పాత తుపాకులు బాగుచేసే ఈ రేకుల షెడ్డు. గంట. ఆదివారం కదా, సముద్రానికి పోయే జనం కార్లు రేవులో బారులు తీరి ఉంటే గంట మీద ఇంకాస్త. ఆ ఇంకాస్త కోసం దేవుణ్ణి అడిగేవాడే, అడగడానికి మొహం చెల్లక ఊరుకున్నాడు. బల్ల మీద పాత కంబళి ముక్క పరిచిన చోట తుపాకి స్టాకు పడుకుని ఉంది. స్టాకంటే తుపాకిలో ఇనుమంతా ఊడదీశాక మిగిలే ఒళ్ళు, భుజానికి ఆనే మడమ, పిడికిట్లో ఇమిడే మెడ, ముందుకు సాగిన దోనె. ఇది చెక్కది కాదు, ఫైబరుది, వియత్నాం వానలకు చెక్క ఉబ్బి వంకర పోతోందని సైన్యం వాళ్ళు పోతపోయించుకున్న రకం. తడి మట్టికీ వేయించిన కాఫీగింజకీ నడిమి రంగు, మెరుపు లేని రంగు. నిన్న సాయంత్రం దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఇన్నేళ్ళలో ఈ చేతులు ఇంత బాగా ఏ పనీ చేయలేదు అనుకున్నాడు. పగులు ఎక్కడుండేదో వెతికితే తనకే దొరకలేదు. ఇప్పుడు చూస్తే అసలేదీ దొరకడం లేదు. మడమ నుంచి మొన దాకా ఒకటే నునుపు, ఏ మనిషీ ఇంకా తాకనట్టు.

దాన్ని చూసి ఎన్నాళ్ళో అయినట్టుంది నాయనా, అంది కదూ. పొద్దున లేచి కాఫీ కప్పు పట్టుకుని ఆ మూల అలమర దాకా నడుస్తాను, నడిచాక గుర్తొస్తుంది అది నీ దగ్గరుందని. ఆయన చెంప ఆనీ ఆనీ నున్నబడిన చోటుందే, మెరుస్తూ ఉంటుంది చూడు, అక్కడ చెయ్యి పెట్టుకుని ఒక్క నిమిషం నిలబడితే గానీ నాకు తెల్లారదు. నవ్వకు. అతను నవ్వలేదు. ఫోను పట్టుకున్న చేతి చర్మం కింద ఏదో ముడుచుకుపోయింది, ఫైబరు పడవల షెడ్డులో పనిచేసే రోజుల్లో గాజుపొడి చొక్కాలోకి దిగినప్పుడు ముడుచుకున్నట్టు. చెప్పాల్సింది అప్పుడే. అమ్మా, ఆ చోటు లేదు, దాన్ని నేను ఎమరీ కాగితం పెట్టి గీకాను, గీకిన పొడిని గొట్టంతో పీల్చి సంచి నిండాక తీసుకెళ్ళి ఊరి చెత్తలో పోశాను, మీ ఆయన చెంప ఇప్పుడు కొంగలు తిరిగే ఆ దిబ్బలో ఉంది. నోటి దాకా వచ్చిన మాట అది. నోట్లోంచి వచ్చింది మాత్రం సరేనమ్మా. అబద్ధం ఆడటం రాదని విర్రవీగేవాడు ఇన్నాళ్ళూ. రాకపోవడమేం, అవసరం పడలేదంతే.

ఆమె అడిగింది పగులొక్కటే. తెచ్చిన రోజు కళ్ళకు కట్టినట్టుంది, కారు ముందు సీట్లో స్టాకుని తువ్వాలు చుట్టి నిలబెట్టి, మీదుగా బెల్టు కట్టి తెచ్చింది, దిగి ఇటువైపు వచ్చి మెల్లగా బెల్టు విప్పింది, నిద్రపోతున్న మనిషిని లేపకుండా విప్పినట్టు. ఒక చేత్తో అది, మరో చేత్తో అంజూర పళ్ళ మురబ్బా సీసా. నేనే పడేశాను నాయనా, అంది. అలమర పైనుంచి దుప్పటి లాగబోతే దాంతో పాటు వచ్చి గచ్చు మీద పడింది, మెడ దగ్గర చీలింది. ఎల్బర్ట్ ఉంటే ఒక్క మాట అనేవాడు కాదు, అదే నాకు బాధ. ఎల్బర్ట్ ఆమె మొగుడు, మెరీన్లలో పనిచేసి వచ్చి, ఆ యుద్ధంలో మోసిన తుపాకి లాంటిదే బయట అమ్మేది కొనుక్కుని, దాని చెక్క ఊడబీకి పారేసి, మిలటరీ పాతసామాన్ల కుప్పలో ఈ ఫైబరుది ఏరి తెచ్చి తొడిగాడట. ఆయన పోయాక ఇనుముని ఆయన తమ్ముడు పట్టుకుపోయి మళ్ళీ చెక్కలో పెట్టుకున్నాడు, ఫైబరుది ఎవరిక్కావాలి వదినా ప్లాస్టిక్కు, అన్నాడట. ఆమెకు ఇది మిగిలింది. ఇదంతా ఆమె చెబుతూనే ఉంది, భోజనాల బల్ల గురించి కూడా ఏదో చెప్పింది, పక్కపక్కన కూర్చుంటే ఆయన మోచెయ్యి తన మోచేతికి తగిలి సూపు ఒలికేదని, పెళ్ళయిన కొత్తల్లో పోట్లాడుకున్నామని, అందుకే ఎక్కడికెళ్ళినా ఆయనకు ఆ చివర మూల కుర్చీ వదిలేసేవాళ్ళమని. వెర్లిన్ ఊఁ కొట్టాడు. చెవులు ఆమెకిచ్చాడు, బుద్ధి ఇవ్వలేదు. స్టాకుని వేలి కణుపుతో తట్టి చప్పుడు వింటున్నాడు, బోలుగా మోగుతుందా, గట్టిగా మోగుతుందా. బోర్లించి అడుగున రెండు మూసలు కలిసిన గీత మీద గోరు పెట్టి లాగాడు. లోపల ఇనుప పట్టీ ఉందో లేదో వేలు దూర్చి చూశాడు. కుడివైపుకు తిప్పి, మీట కోసం కోసిన నలుచదరపు కంత ముందు ముక్కు ఆనేంతగా వంగాడు, గుళ్ళు ఒక్కొక్కటిగా పేలాలా వరసగా పేలాలా అని మార్చే మీట అది, సైన్యం వాళ్ళ తుపాకికే ఉంటుంది, బజారు తుపాకికి ఉండదు. కంత ఉంది, అంచులు మూసలో వచ్చినవే, ఎవడో రంపంతో కోసింది కాదు. తల ఎత్తి, జబ్బు పేరు చెప్పే డాక్టరులాగా, "సైన్యానిదేనమ్మా, అసలుది" అన్నాడు. ఆమె అతన్ని కొంచెం వింతగా చూసి, "అసలుది కాకపోతే ఏం చేసేవాడివి నాయనా, అతికేవాడివి కాదా" అంది. అప్పుడా మాటకు నవ్వాడు. ఇప్పుడు అది ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది.

పగులు పనికి పట్టింది కొంచెమే. చీలిక రెండు పెదాలూ తెరిచి, లోపల గరుకు పెట్టి, గాజుగుడ్డ ముక్కలు కత్తిరించి, రెజిన్ జిగురు తాపి, బిగించి వదిలేశాడు. మర్నాటికి గట్టిపడింది. అక్కడితో ఆగాల్సింది. చుట్టూ పాత రంగు, మధ్యలో అతికిన చోట కొత్త మచ్చ. ఆ మచ్చ కంట్లో నలుసైంది. మచ్చని కలపడానికి చుట్టూ కొంచెం గీకాడు, ఆ గీకిన చోటుకీ పాతదానికీ మధ్య ఇంకో అంచు లేచింది, దాన్ని కలపడానికి మరికొంచెం, బయట వాన, రేకుల మీద చప్పుడు, రేడియోలో ఎవడో ప్రసంగిస్తున్నాడు, చేతులు వాటంతటవే పోతున్నాయి. పడవల షెడ్డులో మేస్త్రీ నేర్పిన చేతులు అవి. బడి మానేసి వచ్చిన ఏడు, పై పెదవి మీద ఇంకా నూగైనా రాలేదు, మేస్త్రీ అతని అరచెయ్యి పట్టుకుని పడవ పొట్ట మీద పెట్టి, కళ్ళు మూసుకోరా అన్నాడు. కళ్ళు మూసుకుని నిమురు. చెయ్యి ఆగిందా, అక్కడ లోపం ఉన్నట్టు. ఎక్కడా ఆగలేదా, పని అయినట్టు, ఇంటికి పో. అతనికి వచ్చిన చదువంతా అదే. చెయ్యి ఆగిన చోటల్లా గీకడం. పెద్ద పెద్ద పడవలకు ఆ చదువు సరిపోయింది, షెడ్డు మూతపడే దాకా సరిపోయింది. ఇంటికి సరిపోలేదు. పెళ్ళాం వెళ్ళిపోతూ అన్న మాట, నీకు మనుషులు కనబడరు వెర్లిన్, మరకలు కనబడతాయి, అని. దానికీ అప్పట్లో ఏదో ఎదురుజవాబు చెప్పాడు, గెలిచానని కూడా అనుకున్నాడు.

అయినా ఒక్కటి మాత్రం తాకలేదు, ఆ నలుచదరపు కంతని. చాలామంది దాన్ని పూడ్చేసి నున్నగా చేస్తారు, బజారు తుపాకికి అది ఉత్త బొక్క. అతను మాత్రం కంత చుట్టూ టేపు అంటించి మరీ కాపాడాడు. మడమ ఇనుప రేకు మీద అచ్చు గుర్తులు చెరిగిపోతాయని వాటికి మైనం పూశాడు. అడుగు గీత పోకుండా అక్కడ వేలితోనే రుద్దాడు. ఆనవాళ్ళమ్మా ఇవి, ఇవి పోతే విలువ పోతుంది, అని ఆమె వచ్చాక చూపించి చెబుదామని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు. సైన్యం ఆనవాళ్ళన్నీ పువ్వుల్లా దాచాడు. మనిషి ఆనవాలు ఒక్కటి ఉంటే దాన్ని తుడిచాడు. ఇంతకీ అదెలా ఉండేదో గుర్తు తెచ్చుకుందామంటే రావడం లేదు, ఎంత కళ్ళు మూసుకున్నా వేరే స్టాకులే వస్తున్నాయి, పాత తుపాకుల సంతలో చూసినవి, అందరివీ ఎడమ పక్కన అరిగి ఉంటాయి, కుడి భుజానికి ఆనిస్తే చెంప ఎడమ పక్కకే వస్తుంది కదా. పని ముందు ఫోటో తీయడం అలవాటే. తీశాడు. ఫోన్లో వెతికితే ఉంది, పగులు, దగ్గరగా, జుట్టు పోగంత చీలిక కూడా కనిపించేలా. పగులు తప్ప ఇంకేం లేదు.

ఏ సంతలో అయితే తన మాట వేదవాక్కో ఆ సంత గుర్తొచ్చింది, పెద్ద హాలు, బల్లల వరసలు, మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన సాసేజీల వాసన. ఎవడేది తెచ్చినా వెర్లిన్ దగ్గర పెడితే తేలిపోయేది. బర్ల్ టీచీ బల్ల పక్కబల్లే. కొత్తవాటిని పాతవిగా చేయడం బర్ల్ విద్య. బూటు పాలిష్, ఉడకబెట్టిన వాల్‌నట్ తొక్కల నీళ్ళు, పొయ్యి బూడిద, ఇవే వాడి మందులు. అందరి ముందూ వాడి స్టాకు ఒకటి ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది యుద్ధం చూడలేదయ్యా, వంటిల్లు చూసింది" అని గట్టిగా అన్నాడు వెర్లిన్. హాలంతా నవ్వింది. బర్ల్ కూడా నవ్వబోయాడు, సగంలో ఆగిపోయాడు, ఆ సగం నవ్వుతోనే సామాను సర్దుకున్నాడు. భుజం మీద చిన్న మనవరాలు ఉందప్పుడు, తాతయ్యా ఎందుకు నవ్వుతున్నారు అని అడుగుతోంది. ఆ సంగతి ఇన్నేళ్ళూ గొప్పగా చెప్పుకు తిరిగాడు. ఇప్పుడు అదే బర్ల్ నంబరు వెతుకుతున్నాడు. ఆమె పంటు నది మధ్యకు వచ్చి ఉంటుంది. వేలు నొక్కింది, నొక్కాక వెనక్కి తీసుకోవడానికి లేకపోయింది.

"ఎవరూ?"

"నేను. వెర్లిన్."

"ఏ వెర్లిన్? నాకు తెలిసిన వెర్లిన్ నాలాంటి దొంగలతో మాట్లాడడే."

"బర్ల్, ఒక్కటి అడగాలి. చెంప ఒరిపిడి ఎలా తెప్పిస్తావు?"

అవతల నవ్వు, దగ్గుతో కలిసి వచ్చే ముసలి నవ్వు. వెనక ఎవరో ఆడమనిషి ఎవరండీ అంటే, "ఎవరో కాదే, మన పాస్టరుగారు సారా కాచడం నేర్పమంటున్నాడు" అని చెప్పాడు. మళ్ళీ ఫోన్లోకి వచ్చి, ఎవడికి అంటగడుతున్నావురా అని అడిగాడు. వెర్లిన్ చెప్పాడు. అమ్మడం కాదని, ఐడెల్లా అని, మొగుడు పోయాడని, రోజూ చెయ్యి పెట్టుకుంటుందని. చెబుతుంటే తన మాటలు తనకే పరాయివాడి నేరంలా వినిపించాయి. బర్ల్ నవ్వడం మానేశాడు.

"ఒరే, నేను మోసం చేసేది డబ్బు బలిసిన వెధవల్ని. మొగుణ్ణి పోగొట్టుకున్న ముసల్దాన్ని కాదు."

"తెలుసు."

"తెలిసి అడుగుతున్నావా. సరే విను. పాత జీన్సు గుడ్డ తీసుకో, పొడిది. గుండ్రంగా రుద్దకు, అందరూ అక్కడే దొరికిపోతారు. మనిషి చెంప గుండ్రంగా తిరగదు, తుపాకి తన్నినప్పుడల్లా వెనక్కీ ముందుకీ జారుతుంది. తర్వాత కుట్టుమిషను నూనె ఒక్క చుక్క. తర్వాత నీ చెంప పెట్టు. గడ్డం గీసుకున్నావా?"

"లేదు."

"మంచిది, గీసుకోకు. ఇంతకీ ఆయన ఏ చేతివాడు?"

"ఏ చెయ్యేంటి, అందరిలాగే."

"అడిగావా?"

"మిలటరీలో కుడిచెయ్యి కాకపోతే కుడిచెయ్యి చేసేస్తారు బర్ల్, నాకు చెబుతావా."

"నీకు చెప్పేంతవాణ్ణా," అని పెట్టేశాడు బర్ల్.

గుడ్డ దొరికింది. ఎడమ పక్క, మడమకి కొంచెం పైన, చెంప ఎక్కడికి వస్తుందో భుజానికి ఆనించి చూసుకుని మొదలుపెట్టాడు. వెనక్కీ ముందుకీ. రంగు మొదట మొండికేసింది, మంచి రంగు, గీకినదాని మీద తను కలిపి పూసిందే, ఇన్నాళ్ళూ ఇలా మొండికేసే రంగు కోసమే పాటుపడ్డాడు. తర్వాత మెత్తబడింది, లేత మెరుపు తేలింది, నూనె చుక్క పడగానే లోపలినుంచి వచ్చినట్టు మెరిసింది. అప్పుడు చెంప పెట్టాడు. చల్లగా ఉంది. కళ్ళు మూసుకుని భుజాన్ని కదిపాడు, పేలని తుపాకి తన్నినట్టు, మళ్ళీ, మళ్ళీ, గడ్డం మొలకలు ఫైబరు మీద గరగరమన్నాయి. ఎల్బర్ట్ ఎన్ని పొద్దులు ఇలా ఆనించాడో, ఏం చూస్తూ ఆనించాడో, ఒక్కపొద్దుకు ఒక్క పొర, ఇసుక మీద గాలి రాసినట్టు మెల్లగా రాసుకున్న దాన్ని ఇతను ఒక్క వానపొద్దులో చెరిపి, ఇప్పుడు ఒక్క గంటలో దొంగ రాతగా దిద్దుతున్నాడు. నూనె వాసనలో మురబ్బా వాసన గుర్తొచ్చింది, మొదటి సీసా ఎప్పుడో ఖాళీ చేశాడు, చెంచా అక్కర్లేదని వేలితో తిన్నాడు. చెంప మండుతోంది. ఆపితే బాగుండు. ఆపితే ఏముంది, ఏమీ లేని నునుపు. బాగానే వచ్చింది అనుకున్నాడు, అనుకున్న వెంటనే తన మీద తనకే రోత పుట్టింది, ఈ పని కూడా బాగా రావాలనుకున్నందుకు. ఇది గనక సంతలో ఎవడైనా తెచ్చి పెడితే తను పట్టుకోగలడా, పట్టుకోలేడేమో, ఇన్నేళ్ళలో ఎన్ని పట్టుకోలేకపోయాడో.

బయట గులకరాళ్ళ మీద టైర్ల చప్పుడైంది.

ఐడెల్లా చర్చి బట్టల్లోనే ఉంది, లేత నీలం గౌను, చేతిలో మురబ్బా సీసా. దాన్ని ముందు బల్ల మీద పెట్టింది. "ఈసారి నిమ్మకాయ ఎక్కువ పడింది నాయనా, పులుపనిపిస్తే రొట్టెకి వెన్న రాసి తిను." అప్పుడు స్టాకు వైపు తిరిగింది. చేతుల్లోకి తీసుకోకుండా ముందు వంగి చూసింది. "పగులేదీ?" అంది. అతను మెడ దగ్గర చోటు చూపించాడు. "అమ్మో, ఇక నేను పడేసిన సంగతి ఆయనకి కూడా తెలీదు" అని చిన్నగా నవ్వింది. ఆ నవ్వు తనకు దక్కకూడనిదని అతనికి తెలుసు, అయినా తీసుకున్నాడు, దాహంగా తీసుకున్నాడు.

ఆమె కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టింది. కుడి పక్కన.

మడమ పైనుంచి మెడ దాకా నిమిరింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. వెనక్కి వచ్చింది, మళ్ళీ ముందుకు పోయింది, వేళ్ళు విప్పి వెడల్పుగా, చీకట్లో దీపం మీట తడుముకునే మనిషిలా. ఆగలేదు. ఎక్కడా ఆగలేదా, పని అయినట్టు, ఇంటికి పో. సూపు ఒలికేది. మోచెయ్యి మోచేతికి. మూల కుర్చీ. మూల కుర్చీ ఎందుకో ఆమె తన ముందే నిలబడి చెప్పింది, అప్పుడు ఇతను ముక్కు ఆనేంతగా వంగి ఆ నలుచదరపు కంతని చూస్తున్నాడు, ఇదే పక్క, ఈ కుడి పక్కే, కంతకి జానెడు ఇవతల ఎడమచేతి మనిషి చెంప మెరుస్తూ ఉండి ఉంటుంది, కంటి చివర తగిలే ఉంటుంది, కంత బాగుందని తల ఎత్తాడు.

ఐడెల్లా కళ్ళు తెరిచింది. స్టాకుని రెండో వైపుకు తిప్పింది. అక్కడ ఉంది, నూనె మెరుపుతో, వెనక్కీ ముందుకీ జారిన ఒరిపిడితో, సరైన ఎత్తున, సరైన పొడవున. దాని మీద వేలి కొన మాత్రం ఆనించింది, తెలియని మనిషి భుజం తట్టి పిలిచినట్టు.

"ఇదెవరిది?"

బోలెడు జవాబులు ఉన్నాయి. రంగు పూసినప్పుడు అలా వచ్చిందమ్మా. పాతది కిందనుంచి తేలిందమ్మా. సంతలో ఏ ఒక్కటి చెప్పినా చెల్లేది.

"నాది," అన్నాడు.

ఆమె అతని మొహం కేసి చూసింది. కుడి చెంప మీద, గడ్డం మొలకల్లో, గోధుమ రంగు మరక. తనకు కనబడని మరక అదొక్కటే. ఆమె చాలాసేపు దాన్నే చూసింది, కోపంగా కాదు, కోపమైతే ఎక్కడో అక్కడ పట్టుకుని నిలబడేవాడు.

"కడుక్కో నాయనా," అంది. "రంగు చర్మానికి మంచిది కాదు."

తువ్వాలు పరిచి స్టాకుని చుట్టింది, కొస లోపలికి మడిచింది. అతను గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఆగాడు. ఆమె కారు ముందు తలుపు తెరిచింది. సీటు ఖాళీగా ఉంది, వస్తూ వస్తూ సర్ది పెట్టినట్టుంది, బెల్టు బయటికి లాగి సిద్ధంగా వేలాడుతోంది. ఆమె ఆ సీటు ముందు నిలబడింది. తర్వాత ఆ తలుపు మూసేసి, వెనక్కి నడిచి, డిక్కీ తెరిచింది.